రోజంతా బోణీయే

రాయచూరు జిల్లాలో సొంత తెలివితో, సొంత జీతం ఖర్చు పెట్టి, ఒక్క చీర మడత కూడా విప్పకుండా, సొంత చిన్నాయన దుకాణాన్ని ఒక్క పెళ్ళిళ్ల సీజనులో షట్టరు దించే దాకా తెచ్చిన ప్రొఫెసరు ఇంకొకడుంటే చూపించండి. లేడు. నేనొక్కణ్ణే. ఈ విషయంలో నాకు పోటీ లేదు, అందుకే వినయం కూడా లేదు. మామూలు మనిషి దుకాణం ముంచాలంటే పేకాట కావాలి, తాగుడు కావాలి, కనీసం తోడుకు ఒక బావమరిదైనా కావాలి. నాకవేవీ అవసరం పడలేదు. కృత్రిమ మేధ ఒక్కటే సరిపోయింది.

నేను ఇక్కడి ఒక బిజినెస్ కాలేజీలో ఎంబీఏ పిల్లలకు సమాచార వ్యవస్థలు చెబుతాను, కృత్రిమ మేధ మీద పరిశోధన చేస్తాను. పరిశోధన అంటే, తెలియనివారి కోసం చెబుతున్నాను, ఇంట్లో అందరికీ తెలిసిన సంగతిని ఎవరికీ అర్థం కాని బొమ్మలు గీసి చూపించడం. పుట్టిందీ పెరిగిందీ మాత్రం దుకాణాల మధ్యే. మా బాపుది గిన్నెల అంగడి, దాని పక్కనే మా చిన్నాయన ఈరన్న కాకది చీరల దుకాణం. నాకు అక్షరాల కన్నా ముందు బేరం వచ్చింది. ఈనాటికీ ఆటో ఎక్కితే దిగేలోపు ఇరవై రూపాయలు తగ్గిస్తాను. డాక్టరు నాలుగు మాత్రలు రాస్తే రెండు తగ్గించమంటాను. ఉద్యోగం ఇచ్చేటప్పుడు కాలేజీ వాళ్ళు జీతం ఎంతన్నారో పూర్తిగా వినకుండానే "ఇంకొంచెం చూడండి సార్" అన్నాను. చూశారు కూడా.

అలా పైకి ప్రొఫెసరు, లోపల బేరగాడు. విడివిడిగా ఈ ఇద్దరి వల్లా ఎవరికీ నష్టం లేదు. ఒకరోజు ఈ ఇద్దరూ కాక దుకాణంలో కూర్చుని ఒకే కప్పులో ఛాయ్ తాగారు. అక్కడ మొదలైంది.

అప్పటికి కాక గొంతు అరిగిపోయింది. ముప్పై ఏళ్ళు బేరమాడిన గొంతు అది, ఎర్ర కొంగు ఇళకల్ చీర ధర చెప్పాలంటే మధ్యలో రెండుసార్లు నీళ్ళు తాగాల్సి వస్తోంది. ఎవరో సెల్‌ఫోన్ల షోరూం ఆయన దుకాణం కిరాయికి ఇమ్మని వెంటపడుతున్నాడు. కాక కూతురు గిరిజకేమో దుకాణం తనే నడపాలని. బీకాం చదివినప్పటి నుంచీ అక్కడే కూర్చుంటోంది.

"ఈ సీజన్ చూస్త," అని తేల్చేశాడు కాక. "పెళ్ళిళ్ల నెలలల్ల లాభం కనవడితే దుకాణం గిరిజకు. లేకుంటే షోరూం ఆయనకు కిరాయికిస్త. రోజు ఫోన్ కొడ్తనే ఉన్నడు."

"కనవడ్తది బాపు," అంది గిరిజ.

"నేను గూడ గట్లనే అనుకోని గొంతు పోగొట్టుకున్న."

ఆ క్షణాన నేను ఛాయ్ తాగి లేచిపోయి ఉంటే ఈనాడు మీకు చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు, బ్యాంకులో మాత్రం కొంత ఉండేది. నేను లేవలేదు.

"కాకా, నీ గొంతెందుకు పోవాలె? నీ బేరం మిషన్‌కు నేర్పిస్త."

"మిషన్ బేరం చేస్తదా?"

"ఎందుకు చెయ్యది? ఫోన్ల చీర ఫోటో చూస్తరు, ధర అడుగుతరు, మిషన్ జవాబిస్తది. దానికి నిద్ర లేదు, ఛాయ్ లేదు, కోపం లేదు."

"గిరాకి సగానికి అడిగితే?"

"నవ్వుతది."

"ఎట్ల నవ్వుతదిరా, దానికి మూతి లేదు గద?"

"పసుపుపచ్చ బొమ్మ పంపుతది కాకా."

గిరిజ నా మొహంలోకి చూసింది, నకిలీ జరీని గోరుతో గీకి చూసినట్టు. "అన్నా, సీజన్ నాది. ఆటలాడొద్దు. ఇది చెడిపోతే పోయేది నా దుకాణం."

"చెల్లే, నేను దేంట్ల ప్రొఫెసర్‌ను?"

"దాంట్లనే గద. అందుకే భయం."

ఒక వారం కాక వెనక కూర్చుని ఆయన విద్యనంతా ఫోనులో రికార్డు చేశాను. ధర చెప్పాక నోరు మూసుకోవాలి, ముందు మాట్లాడినవాడు ఓడిపోతాడు. గిరాకీ లేచి వెళ్తుంటే గడప దాటే దాకా పిలవకూడదు. చీర బాగుందని మనం అనకూడదు, పక్కనున్న వదినగారితో అనిపించాలి. ఇవన్నీ ఒక ఎత్తు. చివర కాక చెప్పులు విప్పి, గల్లా పెట్టె మీద చెయ్యి పెట్టి చెప్పింది ఒక ఎత్తు.

"ఇది గట్టిగ రాస్కో. బోణీ గిరాకిని ఉత్త చేతులతోని పంపొద్దు. కొన్న ధరకైనా ఇయ్యాలె. పది రూపాలు తక్కువకైనా ఇయ్యాలె. బోణీ తిప్పి పంపితే దినమంత దుకాణంల ఈగలే."

"ఇది శాస్త్రీయమా కాకా?"

"నీ జీతం శాస్త్రీయమా?"

రాసుకున్నాను. పొద్దున షట్టరు ఎత్తాక మొదటి గిరాకీ ఇచ్చిన డబ్బును కళ్ళకద్దుకుని గల్లాలో వేస్తారని, ఆ ఒక్క బేరంలో లాభం చూసుకోరని మీకు నేను చెప్పాలా? ఆ ఒక్కటీ పోతే పోయింది, మిగిలిన రోజంతా మనదే. నేను మిషన్‌కు ఆ సంగతి ముద్దుముద్దుగా రాసి పెట్టాను: ఇది ఈ రోజు మొదటి బేరమైతే గిరాకీని వట్టి చేతులతో పంపకు, కొన్న ధర దాకా దిగు, తప్పకపోతే ఇంకో పది తగ్గు. రాసి, కాసేపు ఆ వాక్యం వైపే చూస్తూ కూర్చున్నాను, కొత్త పెళ్ళికొడుకు అద్దంలో చూసుకున్నట్టు. పెద్ద పెద్ద ఊళ్ళ ప్రొఫెసర్ల మిషన్లకు ఇంగ్లీషు వస్తుంది. నా మిషన్‌కు బోణీ తెలుసు! దానికి 'చిన్న ఈరన్న' అని పేరు పెట్టాను.

ఇక పరీక్ష. ప్రతి పొద్దునా స్నానం చేసి, కాలేజీకి వెళ్ళేముందు, నేనే ఆడగిరాకీనై ఒక మెసేజీ పెట్టేవాణ్ణి.

"అన్నా, ఎర్ర కొంగు చీర ఎంత?"

"రెండు వేల రెండు వందలు అక్కా. చేతి నేత. నీ కోసమే నేసినట్టుంటది."

"పదిహేను వందలకిస్తవా?"

"అక్కా, గా ధరకు నూలు గూడ రాదు. కాని నువ్వు ఇయ్యాల్టి బోణీ. పొద్దుగాల లక్ష్మి వచ్చినట్టు వచ్చినవ్. పదహారు వందలియ్యి, కండ్లకద్దుకుంట."

పదహారు వందలు మేం కొన్న ధర! అక్షరాలా కాక చెప్పినట్టే. ఫోను పట్టుకుని దుకాణానికి పరిగెత్తి చూపించాను. కాక రెండుసార్లు చదివించుకున్నాడు. "అరే, నా లెక్కనే మాట్లాడ్తుంది," అని కళ్ళు తుడుచుకున్నాడు. వారమంతా పొద్దున్నే ఒక మెసేజీ, ఒక బోణీ, నా తరఫున ఒక శభాష్. రోజుకు ఒక్కసారే ఎందుకు పరీక్షించావని అడుగుతారేమో. రెండోసారి అడిగేలోపు కాలేజీ గంట కొట్టేవారు. పైగా ఒకసారి కుదిరిన బేరాన్ని మళ్ళీ కెలకడం మా ఇంటా వంటా లేదు. మీకు ఈపాటికి అనుమానం వచ్చిందా? వచ్చి ఉంటే మీరు ప్రొఫెసర్లు కారు.

సీజను మొదలైంది. నేనొక శాసనం చేశాను. "సీజన్ అయ్యేదాక ఎవ్వరు ధరలు చూడొద్దు. మనిషి చెయ్యి వడితే పరిశోధన చెడిపోతది." డబ్బు గిరాకీ ఫోను నుంచి నేరుగా కాక బ్యాంకులో పడుతుంది. ఏ చీర ఎవరికో మిషన్ చెబుతుంది. గిరిజ దాన్ని కవరులో పెట్టి ఇవ్వాలి, అంతే. నోట్ల రద్దు చేసినవాడిలాగా దర్జాగా చెప్పాను. కాక నమ్మాడు. గిరిజ నమ్మలేదు కానీ ఊరుకుంది.

ఇక జనం చూడాలి! సాయంత్రం కాలేజీ నుంచి వచ్చేసరికి దుకాణం ముందు చెప్పుల గుట్ట. నేను ఆ గుట్ట పక్కన చేతులు వెనక కట్టుకుని, ఆనకట్ట కట్టించిన ఇంజినీరులా నిలబడేవాణ్ణి.

"ఏం చెల్లే, ఎట్లుంది?"

"చీరలైతే ఉరుకుతున్నయ్. కాని నాకు డౌటుందన్నా."

"ఏంది డౌటు?"

"తీస్కపోయేటోళ్ళందరు నవ్వుకుంట పోతుండ్రు."

"మంచిదే గద?"

"మన దుకాణంల ఇన్నేండ్ల సంది ఎవ్వరు నవ్వుకుంట పోలె. బాపును తిట్టుకుంట పోతుండె. గట్ల తిట్టుకుంట పోతేనే మనకు మిగుల్తుండె."

"అది పాత వ్యాపారం. కొత్త వ్యాపారంల గిరాకి సంతోషమే పెట్టుబడి," అన్నాను, వేలు పైకెత్తి. క్లాసులో ఆ వేలికి పిల్లలు పెన్నులు తీస్తారు. గిరిజ ఆ వేలి మీద ఒక చీరల కట్ట పెట్టి, పక్కకు జరుపు అంది.

అప్పుడే గోరేబాళ క్యాంపు నుంచి వచ్చిన రత్నకుమారిగారు నన్ను గుర్తుపట్టారు. కాలువ కింద వరి పండించే కుటుంబం వాళ్ళది, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డారు. "ఏవండీ, ఆ మిషను పెట్టింది మీరేనటగా! ఎంత మర్యాదండీ దానికి! మా ఆయన కూడా నాతో ఏనాడూ అంత మర్యాదగా మాట్లాడలేదండీ. మా క్యాంపులో ఇంటింటికీ చెప్పొచ్చాను. రేపు ట్రాక్టరు కట్టించుకుని వస్తున్నారు."

"విన్నవా?" అన్నాను గిరిజతో. "ట్రాక్టర్!"

ఆమె వెనకే యాపలదిన్ని లక్ష్మమ్మ, నెత్తిన మూట. "సారూ, నీ కడుపు సల్లగుండ. గీ మిషన్‌ను ఎన్నడు బందు వెట్టకు."

"ఇన్ని చీరలు ఒక్కదానివే తీసుకున్నవా అమ్మా?"

"ఒక్కపారే కాదు సారూ. ఒకటి బేరమాడి, అయిపోగొట్టి, మల్ల మొదటి సంది ఇంకోటి. గట్ల పొద్దుమూకేదాక."

ఇంతకన్నా ఎవరైనా ఎలా చెబుతారు? నా చెవిలో శంఖం ఊదింది ఆ తల్లి. నేనేం చేశాను? ఆ రాత్రి నా పరిశోధన పత్రంలో ఒక కొత్త పేరా రాశాను: గిరాకీలు ఒకే రోజున మళ్ళీ మళ్ళీ రావడం యంత్రం మీది విశ్వాసానికి నిదర్శనం.

సీజను చివరికి వచ్చింది. ఆ రోజు పొద్దున క్లాసులో నేను మహా ఉత్సాహంగా ఉన్నాను. బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను: వ్యవస్థను తయారు చేసేవాడు అడగవలసిన మొదటి ప్రశ్న, దీనికి ఏది గుర్తుంటుంది, ఏది గుర్తుండదు? పిల్లలు రాసుకున్నారు. ఈ ప్రశ్న అడగనివాడు మూర్ఖుడని కూడా చెప్పాను. అదీ రాసుకున్నారు.

చాక్‌పీసు పొడి దులుపుకుంటూ స్టాఫ్ రూముకు వచ్చాను. ఏదో ఫంక్షను ఉండటంతో ముగ్గురు మేడమ్‌లు ఎర్ర కొంగు ఇళకల్ చీరల్లో మెరిసిపోతున్నారు: అకౌంటెన్సీ మేడమ్, మార్కెటింగ్ మేడమ్, లైబ్రేరియన్ మేడమ్. మూడూ మా దుకాణంవే. నేను గడప దగ్గరే కాసేపు ఆగి నా ఛాతీకి చోటిచ్చి లోపలికి వచ్చాను.

"సార్, మీ మిషన్ చాల మంచిది," అంది అకౌంటెన్సీ మేడమ్. "నేను మొన్న మంగళవారం బోణీ చేసిన. కొన్న ధరకే ఇచ్చింది."

"మంగళవారమా?" అంది మార్కెటింగ్ మేడమ్. "మంగళవారం బోణీ నేను గద."

"మీరెట్లయితరు? పదకొండు గంటలకే నేను చేసిన."

"నేను సాయంత్రం చేసిన. దీపాలు పెట్టినంక. నాతోని గూడ బోణీ అనే అన్నది."

లైబ్రేరియన్ మేడమ్ మొహమాటంగా కొంగు సవరించుకుంది. "నేనైతే రాత్రి అన్నం తిని, గిన్నెలు తోముకోని అడిగిన సార్. 'పొద్దుగాల లక్ష్మి వచ్చినట్టు వచ్చినవ్' అన్నది. మంచిగనిపించింది. నేనేం అనలె."

స్టాఫ్ రూములో ఫ్యాను తిరుగుతోంది. నా తల దానికన్నా వేగంగా తిరిగింది.

సంగతి చాలా చిన్నది. చిన్న ఈరన్నకు ఒక బేరంలో జరిగిన మాటలు ఇంకో బేరంలో గుర్తుండవు. ప్రతి బేరానికీ అది కడిగిన పలకే. ఇది మొదటి బేరమా అని వెనక్కి తిరిగి చూసుకుంటుంది, వెనక ఏమీ ఉండదు, అయితే ఇదే మొదటిది అనుకుంటుంది. దానికి మధ్యాహ్నం లేదు, సాయంత్రం లేదు. వచ్చిన ప్రతి మనిషీ బోణీయే, వచ్చిన ప్రతి గంటా తెల్లవారే. కాక చెప్పిన మర్యాదను అది తు.చ. తప్పకుండా పాటించింది, ఒకరికి కాదు, జిల్లా మొత్తానికి. మూర్ఖుడు ఏ ప్రశ్న అడగడో బోర్డు మీద రాసి వచ్చిన చాక్‌పీసు పొడి ఇంకా నా వేళ్ళ మీదే ఉంది.

స్కూటరు మీద దుకాణానికి ఎలా చేరానో నాకు తెలియదు. ముందు మిషన్‌ను ఆపాను. తర్వాత నోరు తెరిచి సంగతి చెప్పాను, లెక్క తీశాను. దాదాపు చీరలన్నీ కొన్న ధరకన్నా పది తక్కువకే పోయాయి. మా జిల్లా ఆడవాళ్ళు పదహారు వందల దగ్గర ఆగే రకమా? అరలు ఖాళీ. లాభం సున్నా కాదు, సున్నాకు ఒక మెట్టు కింద.

కాక ఖాళీ అరలన్నీ ఒకదాని తర్వాత ఒకటి తడిమి చూశాడు. చివరికి అన్నాడు: "సీజనంత బోణీలే. బోణీ ఐనంక రావాల్సిన దినం మాత్రం రానే లె." అని, కళ్ళజోడు పెట్టుకుని, షోరూం ఆయన నంబరు కోసం ఫోను తీశాడు.

గిరిజ ఏడవలేదు. అరవలేదు. "బాపు, ఫోన్ కింద వెట్టు," అంది. "లాభం రాలేదని నీకెవరు చెప్పిండ్రు? వచ్చింది. మిషన్ మింగింది. ఆ మిషన్ ఎవరిది?"

ఇద్దరూ నా వైపు చూశారు. నాలోని ప్రొఫెసరు వెంటనే పారిపోయాడు. బేరగాడు మిగిలాడు.

"సగం నేనిస్త," అన్నాను.

గిరిజ ఒక తువ్వాలు తీసుకుని మడత పెట్టసాగింది. మాట లేదు. ఇంకో తువ్వాలు. మాట లేదు.

"ముప్పావు," అన్నాను. ముందు మాట్లాడినవాడు ఓడిపోతాడని రికార్డు చేసుకున్నవాణ్ణి నేనే.

"అన్నా, నేను అడగనేలేదు గద," అంది నెమ్మదిగా. "చెప్పుకుంట పో."

"న్యాయంగ చూడు చెల్లే. కొత్త గిరాకీలు ఎంతమందిని తెచ్చిన! అటు మల్లట్ దాక మన దుకాణం పేరు పోయింది. దానికి విలువ లేదా? గంత తీసెయ్యాలె."

"పోయింది పేరు కాదు, మన కొన్న ధర. ఎర్ర కొంగు చీర మనకు ఎంతకు వడ్తదో ఇప్పుడు మల్లట్ల చంటిపిల్లను అడిగినా చెప్తది. వచ్చే సీజన్ నేను రెండు వేలంటే మొకం మీదనే నవ్వుతరు. దానికెంత కట్టాల్నో నువ్వే చెప్పు. నువ్వు ప్రొఫెసర్‌వి."

నా దగ్గర ఆఖరి అస్త్రం ఒకటే ఉంది. లేచాను. విసురుగా నడిచాను. ఎవరూ పిలవలేదు. గడప దాటాను. పిలవలేదు. వీధిలోకి వచ్చి, పక్క దుకాణం బోర్డు చదువుతున్నట్టు నిలబడ్డాను. ఆ బోర్డు మీద నాలుగే అక్షరాలు, ఎంతసేపని చదువుతాను? అప్పుడు గుర్తొచ్చింది, స్కూటరు తాళం లోపలే మరిచిపోయాను. వెనక్కి వచ్చి చూస్తే తాళం గల్లా పెట్టె మీద ఉంది, దాని మీద గిరిజ చెయ్యి ఉంది.

"మొత్తం ఇస్త," అన్నాను.

"సీజన్‌కు ఎంత లాభం రావాల్నో అంత. మడత కూలి, కవర్లు. వచ్చే సీజన్‌కు ఎవ్వరికి ధర తెల్వని కొత్త రకం చీరలు తెస్త, వాటి బండి కిరాయి."

"బండి కిరాయి నేనెందుకియ్యాలె?"

"సరె. ఐతే పోయిరా అన్నా," అంది. చెయ్యి మాత్రం తాళం మీది నుంచి తీయలేదు.

"బండి కిరాయి గూడ ఇస్త!"

కాక ఇదంతా కుస్తీ చూస్తున్నట్టు చూశాడు. తర్వాత ఫోను తీసి, ఆ అరిగిన గొంతుతోనే షోరూం ఆయనతో మాట్లాడాడు. "సారూ, దుకాణం కిరాయికి లేదు. మా పోరి కూసుంటది ఈడ. ఏందన్నవ్? లాభమా? ఒక ప్రొఫెసర్ తాన లాభం, కూలి, బండి కిరాయి అన్ని వసూలు చేసింది. ఇగ గిరాకీ తాన చెయ్యదా?" ఫోను పెట్టేసి నా భుజం తట్టాడు. "బాధవడకురా. నీ బేరం మంచిగనే ఉండె. ఎదురుంగ ఆమె ఉండె, గంతే."

కాబట్టి, రాయచూరు బజారులోని గజం కట్టెలన్నిటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ యంత్రానికైనా మా ఇంటి మర్యాద నేర్పే ముందు, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, లైబ్రేరియన్ మేడమ్ గిన్నెలు తోముకున్నాక మరొకసారి పరీక్షిస్తాను. సొంతవాళ్ళ సీజను మీద పరిశోధన చేయను. గిరిజ కూర్చున్న దుకాణంలో స్కూటరు తాళం కింద పెట్టను.

ఇక ఆఖరి బిల్లు, దాపరికం లేకుండా. రావలసిన లాభం తొంభై ఆరు వేలు. పది తక్కువకు పోయిన చీరల తాలూకు రెండు వేల మూడు వందల ముప్పై. మడత కూలి, కవర్లు నాలుగు వేలు. బండి కిరాయి మూడు వేల ఐదు వందలు. సంగతి విన్న మా ఆవిడ ఆ కొత్త రకంలో ఏరుకున్న చీర ఒకటి, చెప్పిన ధరకే, జన్మలో మొదటిసారి బేరం లేకుండా, రెండు వేల ఆరు వందలు. అంతా కలిపి లక్షా ఎనిమిది వేల నాలుగు వందల ముప్పై. జమ వైపు, ఈ పరిశోధన పత్రం చదివినందుకు ఒక సదస్సులో నాకు కప్పిన శాలువా ఒకటి. కాక దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసి నూట ఇరవై ధర కట్టాడు. అది పోగా లక్షా ఎనిమిది వేల మూడు వందల పది. చిల్లర ఎందుకు, రౌండు చెయ్యమని గిరిజను బతిమాలాను. చేసింది: లక్షా ఎనిమిది వేల ఐదు వందలు.